పొలమున దొరకిన నాణెమును ఇంట శుభ్రపరుపవచ్చునా?

నిజామాబాదు జిల్లా నేల మిక్కిలి పురాతనమైనది. నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము ఇందూరు. బోధను పట్టణమే ప్రాచీన అశ్మక జనపదమునకు రాజధానియైన పోదన నగరమని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. ఇట్టి నేలపై 1931 నాటికి మంజీరా నదిమీద నిజాంసాగరు నిర్మాణము పూర్తియయ్యెను. కాలువనీరు పారినచోట చెరకు తోటలు పెరిగెను. 1937లో బోధను చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. చెరకు పొలములనేకము వరిమళ్ళుగా మారినవి. పంట ఏదియైనను నేలను లోతుగా దున్నుట, కాలువలు త్రవ్వుట, చెరువులలో పూడిక తీయుట ఆగలేదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడికమట్టి బండ్లకొలది పొలములకు చేరినది. ఇట్టి పనులు జరుగునపుడు నాగటిచాలున గాని, మట్టిపెళ్ళలో గాని పచ్చని చిలుము పట్టిన బిళ్ళలు బయటపడుట కలదు.

అట్టి బిళ్ళ చేత చిక్కగనే మనవారు చేయు మొదటి పని దానిని తోముట. చింతపండు, నిమ్మకాయ, ఇటుకపొడి పూర్వమునుండి వాడుకలో నున్నవి. కొందరు కంసాలి నడిగి తేజాబు తెచ్చి అందులో ముంచెదరు. ఇటీవల మరియొక పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. బ్యాటరీకి గాని, సెల్ ఫోను చార్జరుకు గాని తీగలు కలిపి, సోడా నీటిలో నాణెమును వ్రేలాడదీసి, విద్యుత్తుతో చిలుమును వదల్చుట. ఇది చూచుటకు వింతగాను, చేయుటకు సులభముగాను ఉండును. ఇందలి మంచిచెడ్డలను, పంచాయతీ సభ్యులు ఈ విషయమున వహింపవలసిన బాధ్యతను ఈ పాఠమున వివరించుచున్నాము.

చిలుము అనగా నేమి?

రాగి, కంచు నాణెములు మట్టిలో తడి, గాలి, ఉప్పు తగిలి వందల సంవత్సరములు పడియున్నచో పైలోహము కొద్దికొద్దిగా మారిపోవును. లోహమున కానుకొని యుండు ఎఱ్ఱని పొర రాగి భస్మము. దానిపై గట్టిగా నుండు ఆకుపచ్చని పొర రాగియు, నీరును, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిసి ఏర్పడినది. ఈ రెండును నాణెమునకు కీడు చేయవు సరికదా, కవచమువలె దానిని కాపాడును. ఇవిగాక, పాలిపోయిన పచ్చరంగుతో పిండివలె రాలు చిలుము ఒకటి కలదు. ఉప్పు రాగిలో చేరుటవలన పుట్టునది ఇదియే. దీనిని పురావస్తు రసాయనజ్ఞులు కంచు రోగమందురు. తడి తగిలినకొలది ఇది లోనికి తొలుచుకొని పోవును. వెండిపై గంధకము వలన నల్లని పొర ఏర్పడును. సీసముపై తెల్లని బూడిదవంటి పొర కట్టును.

ఇచ్చట సభ్యులు గ్రహింపవలసిన ముఖ్య విషయమొకటి యున్నది. బాగుగా చిలుముపట్టిన నాణెమున, ముద్రవేసిననాటి అసలు తలము లోహముమీద మిగిలియుండదు. ఆ తలము చిలుము పొరల నడుమనే నిలిచియుండును. అక్షరములు, బొమ్మలు ఆ పొరలోనే యుండును. చిలుమునంతయు ఊడ్చివేసినచో అడుగున మెఱయు లోహము కనబడును గాని అక్షరములు కనబడవు. ఒకసారి పోయిన అక్షరమును తిరిగి తెప్పించు విద్య ఎవరికిని తెలియదు.

విద్యుత్తు చేయు పని

నీటిలో వాషింగు సోడాను కరగించి, రెండు లోహపు ముక్కలను అందు తగులకుండ నిలిపి, ఒకదానిని బ్యాటరీ ధనధ్రువమునకు, రెండవదానిని ఋణధ్రువమునకు కలిపినచో ద్రవముగుండ విద్యుత్తు ప్రవహించును. దీనినే విద్యుద్విశ్లేషణమందురు. ఇందలి సూత్రములను మైకేల్ ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1834లో వివరించెను. గిల్టు నగలకు పూత పూయుటయు ఈ విద్యతోనే జరుగును.

నాణెమును ఋణధ్రువమునకు తగిలించినచో దానిపై ఉదజని వాయువు బుడగలుగా పుట్టును. చిలుములో కొంతభాగము తిరిగి లోహపు పొడిగా మారును. మిగిలినది బుడగల త్రోపుడుకు వదులై ఊడును. అక్షరములున్న పొరయు దానితోపాటే ఊడవచ్చును. ఏ పొర ఉంచదగినది, ఏది తీయదగినది అను వివేకము విద్యుత్తునకు లేదు.

తీగలు తారుమారైనచో నష్టము మరింత అధికము. ధనధ్రువమున నున్న లోహము కరగును. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహించి, పూర్తిగా ఆ పనికే వినియోగమైనచో సుమారు 1.2 గ్రాముల రాగిని గాని, 4 గ్రాముల వెండిని గాని కరగించునని ఫారడే సూత్రమువలన లెక్క తేలును. ప్రాచీన నాణెములు పెక్కు కొలది గ్రాముల బరువు మాత్రమే కలవి. అట్టి దానికి ఒక గంట ఏమరుపాటే చాలును.

ఈ పద్ధతిని మ్యూజియములవారు వాడలేదా యని సభ్యులు ప్రశ్నింపవచ్చును. వాడిరి. జర్మనీలో బెర్లిను రాజ మ్యూజియములకు అనుబంధముగా 1888లో రసాయనశాల ఏర్పడెను. దాని అధిపతి ఫ్రెడ్రిక్ రాత్‌గెన్ విద్యుత్తుతో పురావస్తువులను శుభ్రపరచు విధానమును 1898లో గ్రంథముగా ప్రకటించెను. అనుభవము పెరిగినకొలది, చిలుమును సమూలముగా తీయుట తగదని నిపుణులు గ్రహించిరి. ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూచుచు, సన్నని పనిముట్లతో, అక్షరములపై నున్న మట్టిని మాత్రము ఓపికగా తొలగించుటకే వారు మొగ్గు చూపుదురు. మన దేశమున ఇట్టి పనికై డెహరాడూనులో భారత పురావస్తు శాఖవారి విజ్ఞాన విభాగమును, లక్నోలో 1976లో నెలకొల్పిన జాతీయ పరిశోధనాలయమును గలవు.

కోటిలింగాల నేర్పిన పాఠము

చిన్న నాణెముపై నాలుగక్షరములు ఎంతటి మేలు చేయునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. నిజామాబాదు జిల్లాను తాకుచు పారు గోదావరి దిగువకు సాగి, జగిత్యాల జిల్లాలో పెద్దవాగును కలుపుకొనుచోట కోటిలింగాల యను గ్రామము కలదు. అచ్చటి దిబ్బపై దొరకు బిళ్ళలను ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరి శర్మగారు సేకరించిరి. శాసన పరిశోధకులు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని పరిశీలించి లోకమునకు ఎఱుకపరచిరి. అటుపై రాష్ట్ర పురావస్తు శాఖ అచ్చట త్రవ్వకములు జరిపెను.

ఆ నాణెములపై బ్రాహ్మీ లిపిలో గోభద, సమగోప మున్నగు రాజుల పేర్లు కనబడెను. అంతకుముందు ఈ రాజుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. శాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు రాజుదిగా పెక్కుమంది పండితులు గుర్తించిన చిముకుని నాణెములును అచ్చటనే లభించెను. శాతవాహనుల తొలినాటి చరిత్రలో తెలంగాణమునకు గల స్థానమును గూర్చి పండితులు మరల ఆలోచించుటకు ఈ బిళ్ళలే కారణమైనవి. లోహముగా తూచినచో వాటి వెల అత్యల్పము. వాటిపై నిలిచిన అక్షరములును, అవి ఏ దిబ్బపై దొరకినవో తెలిసియుండుటయు వాటికి విలువ తెచ్చినవి. ఆ బిళ్ళలను ఎవరైన తేజాబులో ముంచి మెఱిపించియున్నచో గోభదుని పేరు మనకు తెలియకయే పోయెడిది.

ఇంట చేయదగిన ప్రయోగము

విద్యుద్విశ్లేషణమును చూడవలెనను ఉత్సాహము మంచిదే. దానికి దొరకిన నాణెము వలదు. 1957లో దశాంశ పద్ధతి వచ్చినపుడు చలామణియైన కంచు నయాపైసాలు అనేక గృహములలో నేటికిని పడియున్నవి. అట్టిదొకటి చాలును. పాఠశాలలో ఉపాధ్యాయుని ఎదుట పిల్లలకు చూపుటకును ఇది తగియుండును.

గాజు లేక ప్లాస్టిక్ పాత్రలో అరలీటరు నీరు పోసి, ఒక చిన్న చెంచాడు వాషింగు సోడా కలుపవలెను. మూడు టార్చిలైటు సెల్లులను వరుసగా జోడించి, ఋణధ్రువపు తీగను నాణెమునకును, ధనధ్రువపు తీగను ఇనుప మేకునకును తగిలింపవలెను. రెండింటి నడుమ రెండంగుళముల ఎడముండవలెను. అయిదు నిమిషములకొకసారి తీగలు విప్పి, నాణెమును మంచినీట కడిగి, మెత్తని బ్రష్షుతో తుడిచి చూడవలెను. పని ముగిసిన పిమ్మట బాగుగా కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను.

ఈ ప్రయోగమున కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. సోడాకు బదులు ఉప్పు వేయరాదు. ఉప్పునీటినుండి ఊపిరితిత్తులకు హానిచేయు క్లోరిను వాయువు వెలువడును. మేకుకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాను వాడరాదు. అందలి క్రోమియము విషపదార్థముగా మారి నీటిలో కలియును. ఉదజని మండు స్వభావము కలది గావున గాలి ఆడు చోటనే చేయవలెను. దాపున బీడీ గాని, దీపము గాని ఉండరాదు. ఇంటి కరెంటును నేరుగా వాడుట ప్రాణాపాయము. అల్యూమినియపు పాత పైసా నాణెములను సోడా నీటిలో వేసినచో అవి కరగుటకు మొదలిడును. సీసపు నాణెములను తోమినచో విషపు పొడి చేతులకంటును. శాతవాహనులు సీసముతోను నాణెములు ముద్రించిరని మరువరాదు. వాడిన నీటిని పశువుల తొట్టిలోను, బావి దాపునను పారబోయరాదు.

చట్టము ఏమనుచున్నది?

దొరకిన సంగతి చెప్పినచో సర్కారు అంతయు పట్టుకొనిపోవునను భయము పల్లెలలో కలదు. ఈ భయమువలననే పెక్కు నాణెములు కంసాలి కుంపటిలో కరగిపోవుచున్నవి. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, నేలలో దాగియుండి బయటపడిన సొత్తు విలువ పది రూపాయలు మించినచో, దొరకినవాడు వీలైనంత త్వరలో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. తెలియజేసిన వానికి ఆ చట్టము హక్కును ఇచ్చుచున్నది. సొత్తునకు వేరు యజమాని లేడని తేలినపుడు దొరకినవానికి మూడు పాళ్ళు, భూమి యజమానికి ఒక పాలు చెందునని అందు కలదు. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువయు, దానిపై అయిదవ వంతును చెల్లింపవలెను. దాచినవాడు తన భాగమును కోల్పోవుటయే గాక ఏడాదివరకు ఖైదుకో, జరిమానాకో, రెండింటికో పాత్రుడగును. నూరేండ్లు నిండిన నాణెములు 1972 నాటి పురావస్తువుల చట్టమునకును లోబడును. ఆచరణలో అనుసరింపవలసిన పద్ధతిని తహశీల్దారు కార్యాలయమున తెలిసికొనవచ్చును.

పంచాయతీ కర్తవ్యము

పూడికతీత గాని, పునాది పని గాని, ఉపాధి హామీ పని గాని మొదలగుటకు ముందే గ్రామసభలో ఈ విషయమును చాటింపవలెను. నాణెములు కనబడినచో ఆ చోట పని నిలిపి, కుండ యున్నచో దానిని పగులగొట్టక, మట్టితో నున్నది ఉన్నట్లుగా ఉంచవలెను. సర్వే నంబరు, లోతు, తేదీ, చూచినవారి పేర్లు వ్రాసి, ఛాయాచిత్రము తీయింపవలెను. చెరువు మట్టిలో దొరకినచో ఆ మట్టి ఏ చెరువునుండి వచ్చినదో వ్రాయుట మరువరాదు. విడిగా దొరకిన వాటిని కడుగక, నీడలో ఆరనిచ్చి, ఒక్కొక్కటి వేరు కాగితపు పొట్లమున ఉంచవలెను. తడిగా ప్లాస్టిక్ సంచిలో మూటకట్టినచో కంచు రోగము ముదురును. నిజామాబాదు తిలక్ గార్డెనులో పురావస్తు ప్రదర్శనశాల కలదు. పంచాయతీ సభ్యులు యువకులను, విద్యార్థులను అచ్చటకు తీసికొనిపోయి, ప్రాచీన వస్తువులు ఎట్టి స్థితిలో భద్రపరుపబడునో చూపుట మేలు.

తెలియజేయు లేఖ ఈ క్రింది విధముగా ఉండవచ్చును:

"జిల్లా కలెక్టరు గారికి. ……… గ్రామము, ……… మండలము, సర్వే నంబరు ……… గల భూమిలో ……… తేదీన ……… పని జరుగుచుండగా, సుమారు ……… అడుగుల లోతున ……… నాణెములు నాకు లభించినవి. వాటి తూకము ………. అంచనా విలువ ………. వాటిని కడుగలేదు, తోమలేదు. దొరకిన స్థితిలోనే భద్రముగా ఉంచితిని. తమ ఉత్తరువు ప్రకారము అప్పగించుటకు సిద్ధముగా నున్నాను. దొరకినవాని సంతకము. సాక్షులు: సర్పంచి, పంచాయతీ కార్యదర్శి."

ఈ లేఖ ప్రతులు కొన్ని పంచాయతీ కార్యాలయమున సిద్ధముగా ఉంచినచో, అవసరము కలిగిననాడు ఎవరును వెదుకులాడ నక్కరలేదు. వ్రాయనేర్వని రైతుకు సభ్యులే దగ్గరుండి పూర్తిచేసి ఇచ్చి, నకలును పంచాయతీ దస్త్రములో చేర్చవలెను.