బ్లూబెర్రీ సాగు, గిరాకి, విక్రయము – మన రైతులు గ్రహించవలసిన పాఠము

ఒక పంట వలన లాభము కలుగునా, నష్టము కలుగునా అనునది ఎకరపు దిగుబడిని బట్టి మాత్రమే తేలదు. సరుకు ఏ నెలలో చేతికి వచ్చును, ఆ నెలలో బజారులో మరెవరి సరుకు ఉండును, దానిని కొని తినుట జనులకు ఎవరు అలవాటు చేసిరి అను మూడు సంగతులు కూడ తెలియవలెను. ఇందుకు బ్లూబెర్రీ చక్కని ఉదాహరణము. నూరేండ్లకు పూర్వము అమెరికా అడవులలో ఏరుకొని తినిన ఈ పండు నేడు హైదరాబాదు, విశాఖపట్టణము దుకాణములలో చిన్న డబ్బాలలో అమ్ముడగుచున్నది. ఆ ధర చూచి "మనము కూడ నాటిన నేమి?" అని ఆలోచించు రైతులు ముందుగా ఈ పంట పెరిగిన తీరు తెలిసికొనుట మంచిది.

అడవి పొద తోట పంట యైన విధము

బ్లూబెర్రీ నిలువెత్తు పెరుగు పొద. పండు చిన్న రేగుపండు కన్న చిన్నది. నల్లద్రాక్ష రంగు కలిగి, పైన బూడిద వంటి పూత ఉండును. అడవిలో బాగుగా కాయు ఈ పొదలను తెచ్చి, ఎరువు వేసిన మంచి నేలలో నాటినచో అవి గిడసబారి పోయెడివి. కారణము ఎవరికిని తెలియలేదు.

అమెరికా వ్యవసాయ శాఖలోని వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ ఈ చిక్కు విప్పెను. బ్లూబెర్రీకి పుల్లని నేల, అనగా ఆమ్లగుణము గల నేల కావలెనని ఆయన 1910లో ప్రకటించెను. ఇతర పైరులకు మేలు చేయు సున్నము దీనికి హాని చేయును. న్యూజెర్సీ రాష్ట్రములో వైట్స్‌బాగ్ అను చోట క్రాన్‌బెర్రీ సాగుచేయు కుటుంబములోని ఎలిజబెత్ వైట్ ఈ వ్యాసమును చదివి, తమ భూమిలో పరిశోధన సాగించుమని 1911లో ఆయనను ఆహ్వానించెను. ఆమె అడవిలో పండ్లు ఏరువారికి కొలత చిల్లు గల రేకులు ఇచ్చి, పెద్ద పండ్లు కాయు పొదలను చూపిన వారికి సొమ్ము చెల్లించెను. అట్టి పొదలను సంకరపరచగా మంచి రకములు వచ్చినవి. తోటలో పండిన మొదటి పంట 1916లో అమ్మకమునకు వెళ్లెను.

గిరాకి దానంతట అది పెరుగలేదు

పండు పండించుటతో ఆ రైతులు ఊరకుండలేదు. పండ్లు కొనువారికి కనుపించునట్లు బుట్టలపై సెలోఫేన్ కాగితము కప్పి పంపిరి. 1927లో న్యూజెర్సీ రైతులు సహకార సంఘముగా ఏర్పడిరి. 1936లో మిషిగన్ రైతులు అదే మార్గము పట్టిరి. విడివిడిగా అమ్మినపుడు దళారి చెప్పినదే ధర. కలిసి అమ్మినపుడు బేరము చేయు శక్తి కలుగును.

2000 సంవత్సరములో అమెరికా ప్రభుత్వ ఉత్తరువు ననుసరించి బ్లూబెర్రీ మండలి ఏర్పడెను. ఏటా 2,000 పౌనులు, అంతకు మించి పండించు రైతులును, దిగుమతి చేయు వర్తకులును టన్నుకు ఇంత అని రుసుము చెల్లింతురు. ఆ సొమ్ము పరిశోధనకు, ప్రచారమునకు వినియోగ మగును. అనగా గిరాకి పెంచు ఖర్చు కూడ సాగు ఖర్చులో ఒక భాగ మని వారు ఒప్పుకొనిరి.

1990ల నుండి ఈ పండులోని యాంటీ ఆక్సిడెంటు పదార్థములను గురించి శాస్త్రజ్ఞులు వ్రాసిన విషయములు పత్రికల కెక్కగా అమ్మకములు మరింత పెరిగినవి. అయితే ఆహార పదార్థముల యాంటీ ఆక్సిడెంటు శక్తిని చూపు పట్టికను అమెరికా వ్యవసాయ శాఖయే 2012లో ఉపసంహరించెను. ఆ అంకెలను వర్తకులు దుర్వినియోగము చేయుచుండుటయు, అవి మనిషి ఆరోగ్యమునకు కలుగు మేలును కొలువజాలకుండుటయు ఇందుకు కారణములు. కనుక "సర్వరోగ నివారిణి" అను మాట నమ్మి పెట్టుబడి పెట్టరాదు.

పెరూ రైతులకు దొరికిన సందు

అమెరికాలో పంట ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకు వచ్చును. దక్షిణార్ధ గోళములోని చిలీ దేశపు పంట ముఖ్యముగా డిసెంబరు నుండి మార్చి వరకు వచ్చును. నడుమ సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలలో సరుకు తక్కువ, ధర ఎక్కువ. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు సాగుదారులు ఈ సందునే పట్టుకొనిరి.

చలి దేశపు రకములకు 7 డిగ్రీల సెంటీగ్రేడు కన్న తక్కువ చలి 800 నుండి 1,000 గంటలు తగిలిన గాని పూత సరిగా రాదు. పెరూ తీరము ఎడారి. అంతటి చలి లేదు. కాని అమెరికా వ్యవసాయ శాఖ 1998లో విడుదల చేసిన బిలాక్సీ వంటి రకములకు చలి అవసరము బహు స్వల్పము. అవి ఏడాది పొడవునా పచ్చగా ఉండును. కొమ్మలు కత్తిరించు కాలమును మార్చి, కోత కాలమును కొంతవరకు మార్చవచ్చును. లా లిబర్తాద్ ప్రాంతమునకు చావిమోచిక్ కాలువల నీరు వచ్చెను. బిందు సేద్యముతో ఆమ్ల ద్రావణమును, ఎరువును కలిపి ఇచ్చిరి.

2010 నాటికి పెరూ ఎగుమతి నామమాత్రము. పదేండ్లలో అది చిలీని మించి ప్రపంచములో మొదటి ఎగుమతి దేశమయ్యెను. 2020లో సుమారు 100 కోట్ల డాలర్ల సరుకు పంపిన ఆ దేశము 2024లో 200 కోట్ల డాలర్లకు మించి పంపెను.

అందరు నాటినచో ఏమగును?

మదనపల్లె టమాటా సంగతి మన కెరుకయే. ధర హెచ్చిన ఏడు అందరు నాటుదురు. మరుసటి కోతకు కూలి కూడ గిట్టదు. బ్లూబెర్రీకి కూడ ఈ నియమమే. పెరూ సరుకు పెరిగి, కాలము సాగిన కొలది చిలీ రైతుల ధర తగ్గెను. వారు పాత రకములు పెరికి, గట్టిగా నుండి దూర ప్రయాణమునకు ఓర్చు కొత్త రకములు నాటవలసి వచ్చెను. కొంత సరుకును తాజాగా గాక గడ్డకట్టించి అమ్మిరి. 2023లో ఎల్ నినో వేడి వలన పెరూ పంట తగ్గగా ధరలు ఎగిరినవి. పంట నిలిచినవానికి లాభము, పోయినవానికి నష్టము. ఒక్క ఏటి ధరను చూచి తోట వేయుట ఎంత ప్రమాదమో దీని వలన తెలియును.

మన ప్రాంతమునకు ఇందులో ఏమున్నది?

బ్లూబెర్రీకి నేల ఉదజని సూచిక, అనగా పి.హెచ్., 4.5 నుండి 5.5 వరకు ఉండవలెను. మన నల్లరేగళ్లు సాధారణముగా క్షార గుణము గలవి. చాల చోట్ల బోరు నీటిలో కూడ ఉప్పు, సున్నము పాలు హెచ్చు. కనుక నేలలో గాక కుండీలలో, శుద్ధిచేసిన నీటితో పెంచవలసి వచ్చును; ఖర్చు మిక్కుటమగును. పైగా 2023లో మన దేశము అమెరికా బ్లూబెర్రీపై దిగుమతి సుంకము తగ్గించుటకు అంగీకరించినది. అనగా ఇక్కడి రైతు పెద్ద దేశముల సరుకుతో పోటీ పడవలెను.

అయితే మరొక దారి కలదు. కుండీలలో బ్లూబెర్రీ పెంచు దేశములకు కొబ్బరి పొట్టు కావలెను. మన దేశము దానిని ఎగుమతి చేయుచున్నది. ఉప్పు పోవునట్లు కడిగి, కాల్షియముతో శుద్ధిచేసిన పొట్టుకే ధర పలుకును. కోనసీమ వంటి కొబ్బరి ప్రాంతముల సహకార సంఘములు ఈ విషయమును విచారింపదగును. పరుల తోటకు కావలసినది అమ్ముట కూడ వ్యవసాయదారునికి ఆదాయమే.

నాటుటకు ముందు తేల్చుకొనవలసినవి

1. మన్ను, నీరు రెండును పరీక్ష చేయించితిరా? పి.హెచ్., ఉప్పు ఎంత?

2. మొక్క ఏ రకము? చలి ఎన్ని గంటలు కోరును? మన జిల్లాలో కాచిన తోటను స్వయముగా చూచితిరా?

3. మీ కోత ఏ నెలలో వచ్చును? ఆ నెలలో దిగుమతి సరుకు ఏ ధరకు వచ్చుచున్నది?

4. గుత్తిలోని పండ్లన్నియు ఒకేసారి పండవు. పలుమార్లు చేతితో కోయుటకు కూలీలు, కోసిన వెంటనే చల్లార్చుటకు శీతల గది దగ్గరలో ఉన్నవా?

5. కొనువాడు వ్రాతమూలకముగా ఒప్పుకొనెనా? "మొక్కలు మేమే అమ్ముదుము, పండ్లు మేమే కొందుము" అను వాని వద్ద నోటిమాట చాలదు.

ఈ అయిదింటికి సరియైన జవాబు దొరికిన పిమ్మటనే, ఉద్యాన శాఖ అధికారిని సంప్రదించి, నష్టము వచ్చినను తట్టుకొనగల కొద్ది మొక్కలతో ప్రారంభింపవలెను. గ్రామాధికారులు ఈ ప్రశ్నలను రైతుల సమావేశములో చదివి వినిపించిన మేలు. ఇవి బ్లూబెర్రీకే గాక, ఊరిలోనికి వచ్చు ప్రతి కొత్త పంటకు వర్తించును. బజారు నెరిగి నాటిన రైతు తన సరుకునకు తాను ధర చెప్పగలుగును. నాటిన పిదప బజారు వెదకు రైతు ఇతరులు చెప్పిన ధరకు ఇచ్చి రావలసినదే.