భారమెవరిది?

ప్రవేశిక

రహదారిపై జరిగే నేరాలలో అతివేగం, మద్యపానం అందరి దృష్టికీ వస్తాయి. అతిభారం మాత్రం అంత సులభంగా కంటికి ఆనదు. సరుకు రవాణా లారీలలో పరిమితికి మించిన బరువు ఎందుకు చేరుతున్నదో, దానిని నిరోధించడానికి చట్టం ఏర్పరచిన మార్గమేమిటో, ఆ మార్గంలో శిక్షాభారం ఎవరిపై పడుతున్నదో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఎడ్లబండి కాలంలో బరువుకు హద్దు నిర్ణయించినది చట్టం కాదు, ఎద్దు. కాడి కింద మెడ వంగి, మోకాళ్లు నేలకు తాకితే బండివాడు తానే దిగి రెండు బస్తాలు దించేవాడు. పశువు పడే బాధ కంటికి కనిపించేది. లారీకి అటువంటి వేదన లేదు. పది టన్నులు మోయవలసిన వాహనంపై పదిహేను టన్నులు వేసినా రొద పెంచి కదలిపోతుంది. మూగజీవి చెప్పగలిగిన హద్దును యంత్రం చెప్పలేదు కనుక ఆ బాధ్యత చట్టం మీద పడింది.

ప్రతి లారీ రిజిస్ట్రేషన్ పత్రంలోనూ ఖాళీ వాహనం బరువు, సరుకుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు నమోదై ఉంటాయి. ఆ గరిష్ఠ బరువును మించి వాహనాన్ని నడపరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 113వ సెక్షను నిషేధిస్తున్నది. మొత్తం బరువుకే గాక, ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువుకు కూడా పరిమితి ఉంది. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు పూర్వం 10.2 టన్నులుగా ఉన్న ఈ పరిమితిని 2018 జూలైలో 11.5 టన్నులకు పెంచారు.

ఇరుసును ప్రత్యేకంగా లెక్కించడానికి కారణం ఉంది. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో 1958–60 సంవత్సరాల మధ్య నిర్వహించిన రహదారి పరీక్షలలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. రహదారికి కలిగే నష్టం ఇరుసు బరువుతో సమానంగా పెరగదు. సుమారుగా ఆ బరువుకు నాలుగవ ఘాతంగా పెరుగుతుంది. ఈ లెక్క ప్రకారం ఇరుసుపై ఇరవై శాతం బరువు పెరిగితే రహదారికి నష్టం రెండింతలకు పైగా అవుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారింతలవుతుంది. ఒక వ్యాపారి ఒక ప్రయాణంలో మిగుల్చుకొన్న బాడుగకు బదులుగా ప్రజలందరూ గోతుల రోడ్డును పొందుతారన్న మాట.

రహదారి నష్టాన్ని ధనంతో పూడ్చవచ్చు. ప్రాణనష్టాన్ని పూడ్చలేము. బరువు పెరిగినకొద్దీ వాహనాన్ని ఆపడానికి బ్రేకులు ఎక్కువ శక్తిని హరించవలసి ఉంటుంది. ఘాటు రోడ్డులో దిగేటప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారి బ్రేకులు పట్టు కోల్పోతాయి. టైర్లు పేలుతాయి. మలుపులో వాహనం ఒరిగిపోతుంది. ఆ ప్రాణాపాయం డ్రైవరుకు, క్లీనరుకు మాత్రమే కాదు. ఎదురుగా వచ్చే బస్సులోని ప్రయాణికులకు కూడా.

ఇంత ప్రమాదమని తెలిసి కూడా ఎందుకు ఎక్కిస్తారు? చాలా సరుకులకు బాడుగ టన్నుల లెక్కన ముడుతుంది. ఇసుక, బొగ్గు, గ్రానైటు, సిమెంటు వంటి సరుకులను పంపేవారు రెండు లారీలకు చెల్లించవలసిన సొమ్ముతో ఒకటిన్నర లారీల ఖర్చులో పని గడవాలని చూస్తారు. అప్పు తీసుకొని లారీ కొన్న యజమానికి నెలవారీ వాయిదా తప్పదు. తాను కాదంటే మరొక లారీ సిద్ధంగా ఉంటుంది. ఒకరి అత్యాశ, మరొకరి అవసరం కలిసి బరువుగా మారి లారీలోకి చేరుతాయి. చివరకు ఆ లారీని కాటా మీదికి తీసుకొనివచ్చేవాడు డ్రైవరు.

కొన్నేళ్ల కిందట పరీక్షల విధులకు వెళుతుండగా జాతీయ రహదారి పక్కన ఒక టీ దుకాణం వద్ద మా బస్సు ఆగింది. ఎదురుగా ఉన్న కాటా దగ్గర ఒక ఇసుక లారీ నిలిచి ఉన్నది. దాని డ్రైవరు చలానా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని అరుగు మీద కూర్చున్నాడు. పలకరించగా అతడు ఇలా అన్నాడు: “ఇంత లోడు వద్దన్నాను మాస్టారూ. ఎత్తకపోతే తాళాలు ఇచ్చి పొమ్మన్నారు. బండి ఓనరుది, ఇసుక కాంట్రాక్టరుది, చలానా మాత్రం నాది. సగం నా జీతంలో పట్టుకొంటారు.” అతనికి చెప్పడానికి నా వద్ద నీతిపద్యాలు చాలా ఉన్నాయి గాని, ఉపయోగపడేది ఒక్కటీ తోచలేదు.

ఆ డ్రైవరు పూర్తిగా నిర్దోషి అని చెప్పలేము. స్టీరింగు అతని చేతిలోనే ఉన్నది. అయితే శిక్ష అతని వద్దనే ఆగిపోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. పరిమితి మించిన వాహనాన్ని నడిపినవారితో పాటు, నడిపించినవారు, నడపడానికి అనుమతించినవారు కూడా 194వ సెక్షను కింద శిక్షార్హులు. డ్రైవరు యజమాని కానప్పుడు, ఆ నేరం యజమానికి తెలిసే జరిగిందని గాని, అతని ఆజ్ఞతోనే జరిగిందని గాని న్యాయస్థానం భావించవచ్చునని 113వ సెక్షనులోనే ఉంది. వాహనంపై పరిమితికి మించి సరుకు వేయరాదని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం రవాణా సంస్థలను నిర్దేశించింది. లోపం చట్టంలోని అక్షరాలలో కంటే, వాటిని చివరిదాకా చదవకపోవడంలో ఉంది.

2019లో చట్టాన్ని సవరించి జరిమానాను బాగా పెంచారు. అంతకుముందు రెండు వేల రూపాయలు, అదనపు టన్నుకు వెయ్యి చొప్పున ఉండగా, ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి ఇరవై వేలు, అదనపు టన్నుకు రెండు వేల చొప్పున అయింది. వాహనాన్ని ఆపి తూకం వేయించడానికి నిరాకరిస్తే నలభై వేలు. అయితే జరిమానా పెరిగినంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. పూర్వం కొన్ని రాష్ట్రాలు రుసుము కట్టించుకొని అతిభారపు లారీలను అలాగే సాగనిచ్చేవి. పరంజిత్ భసీన్ కేసులో 2005 నవంబరు 9న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టింది. రుసుము చెల్లించినా అదనపు బరువును దించవలసిందేనని తీర్పు చెప్పింది. డబ్బు కట్టినంత మాత్రాన బ్రేకులకు బలం రాదు గదా!

2015లో సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా సంఘం అతిభారానికి కనీసం మూడు నెలలపాటు లైసెన్సును సస్పెండు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ లైసెన్సు డ్రైవరుది. అతని ఇంటి పొయ్యి దానిమీదనే వెలుగుతుంది. కనుక తనిఖీ రహదారి మీద మొదలు కావడం కంటే సరుకు ఎత్తే చోటనే మొదలు కావడం న్యాయం. క్వారీలోను, రేవులోను, కర్మాగారంలోను కాటా చీటీ లేనిదే లారీ గేటు దాటరాదు. పట్టుబడిన ప్రతి లారీ వే బిల్లును చూసి, సరుకు పంపినవారి పేరును కూడా కేసులో నమోదు చేయాలి.

ఇటువంటి ఆలోచన మనకు కొత్తది కాదు. సరుకు బండికి ఒకటింబావు పణం దారి సుంకం తీసుకొనే అంతపాలుడు, దారిలో పోయిన సరుకుకు, దొంగలపాలైన సరుకుకు పరిహారం చెల్లించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం మరొక ఉదాహరణ. తుపానుకు దెబ్బతిన్న ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా గ్రహించేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో ప్రకటించాడు. ఎంత తీసుకోవాలో రాతిమీద చెక్కించడం వలన అధికారి చేతికి కూడా హద్దు ఏర్పడింది. దారిన పోయేవాని నుండి వసూలు చేసే అధికారం ఉన్నవారికి బాధ్యత కూడా ఉంటుందని ఈ రెండూ బోధిస్తున్నాయి.

మీలో కొందరు రేపు వ్యాపారులు, లారీ యజమానులు, తనిఖీ అధికారులు కావచ్చు. కొందరు డ్రైవర్ల బిడ్డలు కూడా ఈ తరగతిలో ఉండవచ్చు. కాటా లారీ బరువును మాత్రమే చూపుతుంది. ఆ బరువులో ఎవరి వాటా ఎంతో తేల్చవలసినది మనుషులే. ఆ లెక్క సరిగా తేలిననాడు “ఇంత లోడు వద్దు” అన్న డ్రైవరు మాటకు కూడా విలువ ఏర్పడుతుంది.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. లారీలలో అతిభారం వలన రహదారికి, ప్రాణాలకు కలిగే నష్టాలను వివరించండి.
2. “లోపం చట్టంలోని అక్షరాలలో కంటే, వాటిని చివరిదాకా చదవకపోవడంలో ఉంది” – సమర్థించండి.

ఆ. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎద్దుకు, యంత్రానికి రచయిత చూపిన భేదమేమిటి?
2. మోటుపల్లి శాసనాన్ని ఈ పాఠంలో ప్రస్తావించడానికి కారణమేమిటి?

ఇ. విడదీసి సంధి పేరు రాయండి.
భారమెవరిది, అత్యాశ, ప్రాణాపాయం

ఈ. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.
శిక్షాభారం, ప్రాణనష్టం