పసుపు సీజన్‌కు ఒక సర్వర్: రాసి నిలబెట్టడం ఎలా?

ఆర్మూర్ చుట్టుపక్కల జూన్‌లో నాటిన పసుపును సంక్రాంతి దరిదాపుల్లో గానీ తవ్వరు. ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలేసరికి ఎండలు ముదురుతాయి. ఆ కొన్ని నెలలూ ఇంటింటా ఒకటే మాట: కొమ్ముకు ఎంత పలికింది, మండకు ఎంత పలికింది? యార్డులో ఈ-నామ్ ద్వారా పలికిన ధర అధికారికంగా కనిపిస్తూనే ఉంటుంది. కానీ మన ఊరివాళ్ల తక్‌పట్టీల్లో ఏ రోజు, ఎంత తూకానికి, ఎంత చేతికొచ్చిందో ఒక్కచోట రాసుకునే చిన్న వెబ్ పేజీ ఉంటే ఆ లెక్క వేరు. డిగ్రీ చదివే పిల్లలు ఉన్న ఏ ఊరైనా దాన్ని చేసుకోవచ్చు.

ఆ పేజీకి సర్వర్ కావాలి. అయితే ఏడాదంతా అక్కర్లేదు. సీజన్ అయ్యాక తీసేసి, మళ్లీ జనవరిలో అచ్చం అలాగే నిలబెట్టగలిగితే డబ్బు మిగులుతుంది. నా మొదటి సర్వర్‌ను బ్రౌజర్‌లో బటన్లు నొక్కుతూ పెట్టాను. మరుసటి ఏడాది ఏ పోర్టు తెరిచానో, ఏ ప్యాకేజీ వేశానో గుర్తు రాక రెండు రాత్రులు కూర్చున్నాను. అప్పటి నుంచి సర్వర్‌కు సంబంధించిన ప్రతిదీ ఫైల్లో రాసే చేస్తున్నాను. దీన్నే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్ అంటారు.

ఇందుకు రెండు పనిముట్లు చాలు. క్లౌడ్‌లో యంత్రాన్ని పుట్టించేది ఓపెన్‌టోఫు. పుట్టిన యంత్రంలో సామాను సర్దేది యాన్సిబుల్. హాషికార్ప్ 2014లో విడుదల చేసిన టెర్రాఫామ్ లైసెన్సును 2023 ఆగస్టులో మార్చినప్పుడు, పాత స్వేచ్ఛ కోరినవాళ్లు విడదీసుకున్న శాఖే ఓపెన్‌టోఫు. ఇప్పుడది లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. రాసే భాష దాదాపు ఒకటే కాబట్టి టెర్రాఫామ్ పాఠాలు చాలావరకు ఇక్కడా పనికొస్తాయి. ఆదేశాలను తెలుగులో రాస్తున్నాను; టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. విండోస్ వాడేవాళ్లు ముందు విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి, యాన్సిబుల్ నేరుగా విండోస్ మీద నడవదు.

మొదటి అడుగు: ఖాతా

అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఖాతా తెరిచిన రోజే మూడు పనులు చేయండి. రూట్ ఖాతాకు రెండంచెల తాళం, రోజువారీ పనికి విడిగా ఒక యూజర్, బిల్లు హద్దు దాటితే మెయిల్ వచ్చే బడ్జెట్ హెచ్చరిక. ఆ యూజర్ కీలను 'ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్' ఆదేశంతో మీ కంప్యూటర్‌లో దాచుకోండి. కోడ్ ఫైల్లో ఎప్పుడూ రాయకండి. గిట్‌హబ్‌లో బయటపడ్డ కీల కోసం వెతికే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి.

ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. కోడ్‌లో దాని పేరు ఏపీ-సౌత్-2. ముంబైది ఏపీ-సౌత్-1. మనకు దగ్గరిది హైదరాబాదే, కానీ కొత్త ఖాతాలో అది మూసి ఉంటుంది. ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. ఈ సంగతి తెలియకపోతే టోఫు మీ కీ చెల్లదంటుంది, మీరు తప్పంతా కీలోనే ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

రెండో అడుగు: తాళంచెవి

'ఎస్ఎస్‌హెచ్-కీజెన్' ఆదేశానికి '-టీ ఈడీ25519' ఆప్షన్ జోడించి కొడితే రెండు ఫైళ్లు వస్తాయి. పబ్ అని ముగిసేది సర్వర్‌కు వెళ్తుంది. రెండోది మీ దగ్గరే ఉండాలి, వాట్సాప్‌లో మిత్రుడికి కూడా పంపకండి.

మూడో అడుగు: కాగితం మీద సర్వర్

ఒక ఫోల్డర్‌లో 'మెయిన్ డాట్ టీఎఫ్' అనే ఫైలు తెరవండి. అందులో రాయాల్సినవి కొన్నే: ప్రొవైడర్, రీజియన్, మీ పబ్లిక్ కీ, సెక్యూరిటీ గ్రూప్, ఉబుంటు ఇమేజి, టీ3 మైక్రో సైజు యంత్రం, చివర్లో ఐపీ అడ్రస్ చూపే అవుట్‌పుట్. వీటిలో రెండు చోట్ల కొత్తవాళ్లు తప్పకుండా పడతారు.

ఒకటి ఇమేజి నంబర్. ఉబుంటు 24.04 ఒక్కటే అయినా దాని ఇమేజి నంబర్ రీజియన్‌కొకటి. ముంబై కోసం రాసిన పాఠంలోంచి నంబర్ ఎత్తుకొస్తే హైదరాబాద్‌లో అలాంటిది లేదంటుంది. డేటా బ్లాక్‌తో, కెనానికల్ సంస్థ ఖాతా నంబర్ 099720109477 ఇచ్చి వెతికించుకోవడం మేలు. దొరికిన నంబర్‌ను ఫైల్లో స్థిరంగా రాసేయండి. ఎప్పుడూ తాజాదే తెమ్మని వదిలేస్తే, కొత్త ఇమేజి వచ్చిన నాడు టోఫు పాత సర్వర్‌ను కూల్చి కొత్తది కడతానంటుంది. సీజన్ నడుమ అది జరగకూడదు.

రెండోది సెక్యూరిటీ గ్రూప్, అంటే ఏ పోర్టు ఎవరికి తెరవాలో చెప్పే జాబితా. 80, 443 పోర్టులు అందరికీ తెరవండి. 22 మాత్రం మీ ఐపీకే. చిక్కేమిటంటే, ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్ల ఐపీ మారుతూ ఉంటుంది. నిన్న తెరుచుకున్న తలుపు ఇవాళ తెరుచుకోదు. విసుగొచ్చి లోకమంతటికీ తెరిచేయకండి. ఐపీని వేరియబుల్‌గా రాసి, మారినప్పుడల్లా మళ్లీ అప్లై చేయండి. ఒక్క నిమిషం పని.

నాలుగో అడుగు: ప్లాన్ చదవడం

'టోఫు ఇనిట్' కావాల్సిన ప్లగిన్‌లు తెస్తుంది. 'టోఫు ప్లాన్' ఏం చేయబోతుందో చెబుతుంది. 'టోఫు అప్లై' చేసి చూపిస్తుంది. నా మాట వింటే ఈ మూడింట్లో మీ సమయమంతా ప్లాన్ మీద పెట్టండి. ప్లస్ గుర్తు కొత్తగా పుట్టేది, టిల్డా గుర్తు ఉన్నచోటే మారేది, మైనస్ పోయేది. మైనస్, ప్లస్ రెండూ పక్కపక్కన కనిపిస్తే ఆగండి. ఉన్నదాన్ని పడగొట్టి కొత్తది కడుతుందని అర్థం, అందులో రైతులు రాసుకున్న లెక్కలుంటే అవీ పోతాయి.

అప్లై అయ్యాక 'టెర్రాఫామ్ డాట్ టీఎఫ్‌స్టేట్' అనే ఫైలు పుడుతుంది. ఏది తాను కట్టిందో టోఫు అందులో గుర్తుపెట్టుకుంటుంది. అది పోతే సర్వర్ నడుస్తూనే ఉంటుంది కానీ టోఫుకు దాని ఊసే తెలియదు. రహస్యాలు కూడా అందులో ఉంటాయి కనుక గిట్‌లో పెట్టకండి. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేస్తే ఏడబ్ల్యూఎస్ నిల్వ సేవ ఎస్3లో ఒక బకెట్‌లో పెట్టుకోండి.

ఐదో అడుగు: సామాను సర్దడం

యంత్రం పుట్టిన వెంటనే లోపలికి రానివ్వకపోతే కంగారు వద్దు, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత ఐపీని ఇన్వెంటరీ ఫైల్లో రాసి, ప్లేబుక్‌లో పనులు వరసగా రాయండి: ప్యాకేజీల తాజాకరణ, పేజీని చూపే వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్, మీ పేజీ ఫైళ్లు, రోజూ రాత్రి లెక్కలను ఎస్3లోకి పంపే బ్యాకప్. 'యాన్సిబుల్-ప్లేబుక్' నడిపించండి. వెంటనే రెండోసారీ నడిపించండి. ఈసారి 'చేంజ్‌డ్' పక్కన సున్నా రావాలి. రాకపోతే ప్లేబుక్‌లో ఏదో పని ప్రతిసారీ కొత్తగా జరుగుతోంది, దాన్ని సరిదిద్దాలి.

సర్వర్‌లోకి వెళ్లి చేత్తో ఏదైనా మార్చాలనిపిస్తుంది. ఎంత తొందరగా ఉన్నా ముందు ప్లేబుక్‌లో రాయండి. చేత్తో చేసిన చిన్న మార్పే వచ్చే జనవరిలో ఎవరికీ గుర్తుండదు.

ఆరో అడుగు: పడగొట్టి చూడటం

రైతులకు లింకు పంపకముందే 'టోఫు డిస్ట్రాయ్' కొట్టండి. అంతా పోయాక ఫైళ్ల నుంచే మళ్లీ కట్టండి, బ్యాకప్ నుంచి లెక్కలు తెచ్చి పెట్టండి. బ్యాకప్ ఉంచే బకెట్‌ను వేరే ఫోల్డర్‌లో, వేరే స్టేట్‌తో కట్టి ఉంటేనే ఈ పని నిశ్చింతగా చేయగలరు. ఎక్కడైనా చేత్తో ఒక్క పని చేయాల్సి వస్తే అది ఇంకా రాయలేదన్నమాట, వెంటనే రాసేయండి.

సీజన్ అయిపోయాక కూడా ఇదే పని. చివరి బ్యాకప్‌ను ఇంటి కంప్యూటర్‌లోకి దించి, తెరిచి చూసుకుని, డిస్ట్రాయ్ కొట్టండి. మరునాడు బిల్లు పేజీ చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ గంటకు 0.005 డాలర్లు పడుతోంది, వాడినా వాడకున్నా. మరచిపోయిన ఒక్క అడ్రస్ నెలకు మూడున్నర డాలర్ల పైన తింటుంది. సంక్రాంతి పండుగ అయ్యాక మళ్లీ అప్లై, ప్లేబుక్, బ్యాకప్. కొత్త ఐపీని డొమైన్ రికార్డులో మార్చి, ఊరి గ్రూపులో పాత లింకే మళ్లీ పంపండి.