పాత సైకిలు ఫ్రేము ఆయుర్దాయము
పంచాయతీ సిబ్బంది వాడు పాత సైకిలును ఉంచవలెనా, తీసివేయవలెనా యని నిర్ణయించుటకు దాని వయస్సొక్కటే చాలదు. ఉక్కునకు గొప్ప గుణమొకటి కలదు: ఒక మితి దాటని బరువు లక్షలసార్లు పడినను అది అలసిపోదు. తాతలనాటి బండ్లు నేటికిని నడచుటకు కారణమిదియే.

దాని శత్రువు తుప్పు. గొట్టమును లోపలినుండియు తినివేయును. వానకు తడిసిన బండికి సీటు కడ్డీ తీసి, తలక్రిందులుచేసి, నీరు వంపవలెను. పెడలు ఇరుసు చుట్టును, హ్యాండిలు క్రింది అతుకులకడను, ఫోర్కు మొదటను మురికి తుడిచి చూడుడు. రంగులో వెంట్రుకవంటి గీటు, దానివెంట తుప్పుచార కనబడినచో ఆ బండిని ఎవరికిని ఇయ్యరాదు. ఫోర్కు విరిగినచో మనిషి ముఖము మీద పడును. కొత్తరంగు పూయించుట పగులును దాచుటయే.

అల్యూమినియమునకు అట్టి మితి లేదు; చిన్న కుదుపులును ఏండ్లతరబడి కూడి పగులు తేగలవు. పగిలిన ఉక్కును మంచి పనివాడు అతుకగలడు. అల్యూమినియమును వెల్డింగు చేసినచో అతుకు చుట్టునున్న లోహము మెత్తబడును.