పసుపు ఒక్కటే, కాగితాలు వేరు

అచ్చంపేట వంటి ఊళ్లో శుభలేఖ పూత ఉన్న ఆర్ట్ కార్డు మీద, ఉమామహేశ్వరం ఆలయ ఉత్సవాల కరపత్రం పూత లేని మ్యాప్‌లిథో కాగితం మీద అచ్చవుతాయి. ఇంకు ఒకే డబ్బాది. శుభలేఖలో మెరిసిన పసుపు కరపత్రంలో వెలవెలబోతుంది. తప్పు ఇంకుదా, కాగితానిదా? రంగును కొలిచే పరికరం స్పెక్ట్రోఫోటోమీటర్ చెబుతుంది. కాకపోతే ముందు దాని కొలత ఎంత నమ్మదగిందో తేల్చుకోవాలి.

రెండు కాగితాల మీదా పసుపు పట్టీలు అచ్చువేసి, ఒక రాత్రి ఆరనివ్వండి. తడి ఇంకు రంగు, ఆరిన ఇంకు రంగు ఒకటి కావు.

పరికరాన్ని దాని తెల్ల పలకపై సరిచూసుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఆర్ట్ కార్డు పట్టీ మీద పరికరాన్ని కదపకుండా పదిసార్లు కొలవండి. అంకెలు దాదాపు కదలకూడదు. కదిలితే లోపం పరికరానిదే, ముందు దాని కిటికీ తుడవండి. తర్వాత పట్టీలో పది వేర్వేరు చోట్ల కొలవండి. మ్యాప్‌లిథో మీదా ఇలాగే చేయండి. అక్కడ చోటు మారినప్పుడల్లా అంకెలు ఎక్కువగా ఊగితే అది గరుకు కాగితం గుణం, పరికరం తప్పు కాదు. అందుకే అక్కడ ఒక్క కొలతను నమ్మకూడదు, సగటు తీయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

కాగితం కింద ఏముందో కూడా చూడాలి. పలుచని కాగితం గుండా బల్ల రంగు కొలతలోకి వచ్చేస్తుంది. నలుపు అట్ట గానీ తెలుపు అట్ట గానీ, ఒకదాన్నే చివరిదాకా వాడండి.

అచ్చు లేని చోట కాగితాన్నీ కొలవండి. తెల్లదనం కోసం కలిపే రసాయనం అతినీలలోహిత కాంతి తగిలితే నీలంగా వెలుగుతుంది. ఆ కాంతి ఉండే ఎం1 పద్ధతిలో ఒకసారి, దాన్ని తొలగించే ఎం2లో ఒకసారి కొలిస్తే, బి విలువల (పసుపు-నీలం అంకెల) మధ్య తేడా ఆ రసాయనం ఎంతుందో చూపిస్తుంది.

ఇక తీర్పు. ఆర్ట్ కార్డు పసుపును మ్యాప్‌లిథో పసుపుతో పోల్చి ఇంకును తప్పు పట్టడం అన్యాయం. 2013 నాటి ఐఎస్ఓ 12647-2 ప్రమాణంలో తెలుపు అట్ట మీద కొలిచే పసుపు బి విలువ మేలురకం పూత కాగితానికి 93, పూత లేని తెల్ల కాగితానికి 76. ఏ కాగితం రంగును ఆ కాగితం లక్ష్యంతోనే పోల్చాలి. లక్ష్యంతో రంగు తేడా, అంటే డెల్టా ఈ, 5 లోపుంటే ఇంకు సరైనదే.

జాబ్ కార్డు మీద అంకె పక్కన కాగితం పేరు, కింద పెట్టిన అట్ట, కొలిచిన పద్ధతి, ఆరిన సమయం రాయండి. ఈ నాలుగూ లేని అంకెతో తర్వాతి ఆర్డరుకు రంగు కలపకండి.