తనంత తాను నడచు నమూనా విమానము: తొలి పాఠము

2020లో ఆరంభమైన స్వామిత్వ పథకము క్రింద గ్రామములలోని నివాస స్థలములను డ్రోనులతో కొలిచిరి. ఆ యంత్రము ఆకాశమున గీత గీచినట్లు పోయి, మరల తిరిగివచ్చుటను పంచాయతి సభ్యులు పలువురు చూచియే యుందురు. అట్టి యంత్రమును దారి తప్పకుండ నడపునది ఆటోపైలట్ అను చిన్న పరికరము. ఆ జాతి పరికరమునే నేడు విద్యార్థులు రేడియో ద్వారా నడపు నమూనా విమానములకు అమర్చి నేర్చుకొనుచున్నారు. ఊరి యువకులు పంచాయతి మైదానమున విమానము నెగురవేయుటకు అనుమతి కోరినచో సభ్యులు ఏమి అడుగవలెను? అందుకు కావలసిన సంగతులను ఈ పాఠములో తెలుపుచున్నాము.

యంత్రము చేయు పని

మామూలు నమూనా విమానములో, నేలమీది మనిషి పంపిన సంకేతమును రిసీవరు అందుకొని సర్వో మోటారులకు ఇచ్చును. అవి రెక్కలకును తోకకును గల కదలు రేకులను త్రిప్పును. ఆటోపైలట్ ఈ రెండింటి నడుమ నుండును. విమానము ఎటు ఒరిగినదో జైరోస్కోపు, త్వరణమాపకము తెలుపును. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు, దిక్సూచిని బట్టి దిక్కు, జీ.పీ.ఎస్. ఉపగ్రహములను బట్టి స్థానము తెలియును. ఆర్డుపైలట్ అను ప్రోగ్రాము ఎవరికైనను ఉచితముగా దొరకును. అది సాధారణ విమానమున సెకనుకు 50 మారులు లెక్క కట్టి ఒరుగును సరిచేయును. అయితే మామూలు అమరికలో దీనికి కన్నులు లేవు. దారిలో చింతచెట్టు గాని కరెంటు తీగ గాని యున్నచో అది ఎరుగదు; చెప్పిన దారినే పోయి తాకును.

ఆరంభించు విధము

మొదట ఆటోపైలట్ సాయము లేకుండ విమానమును ఎగురవేయుట, దింపుట బాగుగా రావలెను. రెక్క పైభాగమున అమర్చిన తేలికపాటి ఫోము విమానము ఇందుకు తగినది. పిదప పరికరమును విమానపు బరువు సమముగా నిలుచు చోటికి దగ్గరగా, బాణపు గుర్తు ముక్కువైపునకు ఉండునట్లు బిగింపవలెను. దిక్సూచిని మోటారు తీగలకు దూరముగా నుంచవలెను. కంప్యూటరులోని మిషన్ ప్లానర్ ద్వారా ప్రోగ్రామును ఎక్కించి, విమానమును సమముగాను, ఎడమకును, కుడికిని, ముక్కు క్రిందికిని, పైకిని, వెల్లకిలగాను ఆరు విధముల నిలిపి త్వరణమాపకమును సరిచూడవలెను.

తరువాత ప్రొపెల్లరును ఊడదీసి, ఒరుగును సరిచేయు పద్ధతిలో నుంచి, ఒక పరీక్ష చేయవలెను. విమానమును చేతబట్టి ముక్కు పైకెత్తినచో తోకరేకు క్రిందికి దిగవలెను. కుడికి ఒంచినచో కుడిరెక్క రేకు క్రిందికి దిగవలెను. ఇది తారుమారైనచో ఎగురవేయరాదు. కాపాడవలసిన పరికరమే విమానమును కూల్చును.

తిరిగివచ్చుట

రేడియో సంకేతము తెగినపుడు విమానము ఇంటికి మరలునట్లు అమర్పవచ్చును. ఇల్లనగా, ఎగురుటకు యంత్రమును సిద్ధపరచిన చోటు. కావున జీ.పీ.ఎస్. కుదురుకొని, కంప్యూటరు పటముపై ఇంటి గుర్తు మైదానములోనే కనబడువరకు ఆగవలెను. మరియొక సంగతి ముఖ్యముగా గమనింపదగినది. ఇంటికి వచ్చిన విమానము, వేరుగా అమర్చిననే తప్ప, తనంత తాను దిగదు. సుమారు 100 మీటర్ల ఎత్తున చుట్టు తిరుగుచుండును. బాటరీ అయిపోవు లోపల మనిషియే దింపవలెను. కనుక ఒక మీటతో ఏ క్షణముననైనను విమానమును చేతి అదుపులోనికి తెచ్చుకొనుట అభ్యసింపవలెను. తొలిసారి చేతితోనే ఎగురవేసి, తగిన ఎత్తున ఒరుగును సరిచేయు పద్ధతిని, పిమ్మట ఇంటికి మరలుటను పరీక్షింపవలెను. ఇవి కుదిరిన తరువాతనే మూడు నాలుగు గుర్తులతో దారి నిర్ణయింపవలెను.

సభ్యులు అడుగవలసినవి

2021 నాటి డ్రోన్ నిబంధనలు ఆకాశమును ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎఱుపు ప్రాంతములుగా విభజించినవి. ఆకుపచ్చ ప్రాంతమున సాధారణముగా 400 అడుగుల ఎత్తు వరకు ముందనుమతి అక్కరలేదు. ఎఱుపు ప్రాంతమున కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. కావున యువకులను ఈ నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది. పటములో మన ఊరు ఏ రంగులో నున్నది? నేలపై పరీక్షలు చేసితిరా? రేడియో తెగినచో విమానము ఏమి చేయును? మనుషులు, పశువులు, తీగలు లేని చోటు ఏది?

సూటిగా సమాధానము చెప్పగలవారికి మైదానము నిచ్చుట మేలు. చెప్పలేనివారిని నిరుత్సాహపరచక, నేర్చుకొని మరల రమ్మని పంపుట పెద్దరికము.