వేయించిన గింజకు గుడ్డు పూత

కాఫీ అంటే అందరికీ రుచి గుర్తొస్తుంది. మెకానికల్ వాణ్ణి కాబట్టేమో, నాకు మాత్రం ఆర్బకిల్ బ్రదర్స్ అనే పాత అమెరికన్ కంపెనీ గుర్తొస్తుంది. ప్రాజెక్టులు చేసే మనందరికీ ఆ కథలో ఒక పాఠం ఉంది.

1860ల దాకా అమెరికాలో చాలామంది పచ్చి గింజలే కొని, ఇంట్లో పెనం మీద వేయించుకునేవాళ్లు. కొన్ని మాడేవి, కొన్ని సరిగా వేగేవి కావు. మరి వేయించినవే అమ్మొచ్చు కదా? అక్కడే ఉంది చిక్కు. పచ్చి గింజ నెలల తరబడి నిల్వ ఉంటుంది. వేయించిన గింజకు గాలి తగిలితే దానిలోని నూనెలు పాడై, కమ్మటి వాసన త్వరగా పోతుంది.

వేయించే సమస్యను న్యూయార్క్‌లో జేబెజ్ బర్న్స్ తీర్చాడు. అంతకుముందు గింజలు తీయాలంటే సిలిండర్‌నే పొయ్యి మీంచి దించాల్సి వచ్చేది. 1864లో ఆయన పేటెంట్ తీసుకున్న యంత్రంలో, సిలిండర్ లోపలి మరలు గింజల్ని అటూ ఇటూ కదుపుతాయి. తలుపు తెరిస్తే చాలు, అవే బయటికి తోసేస్తాయి.

నిల్వ సమస్యను పట్టుకున్నది పిట్స్‌బర్గ్ కిరాణా వ్యాపారి జాన్ ఆర్బకిల్. వేయించిన గింజలకు గుడ్డు, చక్కెర కలిసిన పల్చటి పూత వేసే పద్ధతికి 1868లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పూత గింజలోని సన్నటి రంధ్రాలను మూసి గాలిని ఆపుతుంది. 1873లో సోదరుడు చార్లెస్‌తో కలిసి 'అరియోసా' పేరుతో ఒక పౌండు కాగితపు పొట్లాలు విడుదల చేశాడు. పొట్లంలో ఒక పిప్పరమెంటు పుల్ల, కానుకలకు పనికొచ్చే కూపను కూడా! మనకు ఫోటోకాపీ అంటే జిరాక్స్ అయినట్టు, పశ్చిమ అమెరికా కౌబాయ్‌లకు కాఫీ అంటేనే 'ఆర్బకిల్' అయిపోయింది.

తర్వాత ఆయన చక్కెర కూడా పొట్లాలు కట్టి అమ్మబోయాడు. చక్కెర ట్రస్టు అధినేత హేవ్‌మేయర్‌కు అది నచ్చలేదు. ఆయన లయన్ కాఫీ తయారుచేసే కంపెనీని కొని పోటీకి దిగితే, ఆర్బకిల్ బ్రూక్లిన్‌లో సొంత చక్కెర మిల్లు కట్టాడు. ధరల యుద్ధంలో ఇద్దరూ డబ్బు పోగొట్టుకున్నారు.

1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హిల్స్ బ్రదర్స్ గాలి తీసేసిన డబ్బాల్లో కాఫీ తెచ్చింది. గాలే లేనప్పుడు పూతతో పనేముంది?

నాకు అర్థమైంది ఇదీ: యంత్రం తిరగడంతో సగం పనే అవుతుంది. తయారైన వస్తువు చెడిపోకుండా ఊరూరా ఎలా చేరుతుందో ఆలోచించినవాడే మిగతా సగం పూర్తి చేస్తాడు. మన ప్రాజెక్టులు చాలావరకు డెమో రోజుతోనే ఆగిపోతాయి. ఈసారి రిపోర్టులో ఒక పేజీ 'డెమో తర్వాత ఏంటి?' అనే ప్రశ్నకు కేటాయిద్దామా?